అనంతపురం ఎండకు డోనట్ పిండి ఎంతసేపు పొంగాలి?

యూట్యూబులో ఏ డోనట్ వంట చూసినా ఒక మాట తప్పకుండా వస్తుంది: "పిండిని వెచ్చగా ఉన్న చోట గంటన్నర పెట్టండి." మే నెలలో అనంతపురంలో వెచ్చగా లేని చోటు ఏదో చెబితే పుణ్యం ఉంటుంది. ఆ గంటన్నర లెక్క 21, 22 డిగ్రీల గదిలో వంట చేసుకునేవాళ్లది. మన వంటింట్లో పొయ్యి వెలిగించక ముందే 36, 37 ఉంటుంది. ఆ వేడికి ఈస్టు పిండి అరగంట, నలభై నిమిషాల్లో రెండింతలవుతుంది. ఆ పైన ఉంచిన ప్రతి నిమిషమూ పిండి పులుస్తుందే తప్ప పొంగదు. లోపల గాలిని పట్టి ఉంచే జిగురు వల తెగిపోతుంది, కల్లు వాసన వస్తుంది. నూనెలో వేయగానే రింగు చప్పబడి, పీల్చినంత నూనె పీల్చుకుంటుంది. తిన్నవాళ్లు మైదా మంచిది కాదంటారు, చేసినవాళ్లు ఈస్టు పాతదంటారు. రెండిటి తప్పూ కాదు.

ముందు కొలతలు. ఇవి 18 రింగులకు: మైదా 500 గ్రాములు, చక్కెర 60 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు 7 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, ఒక కోడిగుడ్డు, కాచి చల్లార్చిన పాలు 250 మిల్లీలీటర్లు, ఉప్పు లేని వెన్న 60 గ్రాములు, చిటికెడు జాజికాయ పొడి. మార్చి నుంచి జూన్ దాకా ఈస్టు 5 గ్రాములు చాలు. గుడ్డు వద్దనుకుంటే పాలు 290 దాకా పెంచి, రెండు చెంచాల పాలపొడి కలపండి. గుడ్డు ఇచ్చే పసుపు రంగు, ఆ నిండుదనం రావు గానీ మెత్తదనానికి లోటుండదు. కప్పుల లెక్క మాత్రం వద్దు. ఒకే కప్పులో మైదాని జల్లించి పోస్తే ఒక బరువు, కూరి నింపితే ఇంకో బరువు. వంద గ్రాములు తేడా పడితే అది డోనట్ పిండా, పూరీ పిండా అన్నంత తేడా. చిన్న డిజిటల్ త్రాసు లేకుండా ఈ పనికి దిగొద్దు.

పాలు ఎందుకు కాచాలంటే, పచ్చి పాలలోని ఒక రకం ప్రొటీన్లు మైదా జిగురును బలహీనపరుస్తాయి. బాగా కాగితే వాటి పని అయిపోతుంది. పాలు కాచకుండా వాడే అలవాటు మనకెటూ లేదు కాబట్టి ఈ మెట్టు మనకు ఊరికే దక్కింది. చక్కెర 60 గ్రాములే అంటే తక్కువ అనిపిస్తుంది. తీపి పైపూతలో వస్తుంది. పిండిలో చక్కెర ఎక్కువైతే లోపల ఉడకక ముందే పైన మాడు రంగు వచ్చేస్తుంది, ఈస్టు కూడా నెమ్మదిస్తుంది.

ఈస్టు విషయంలో అనుమానం ఉంటే పరీక్ష పెట్టుకోవాలి. ఎండాకాలమంతా రేకుల షెడ్డు కింద, కిరాణా కొట్టు అరలో ఉన్న ప్యాకెట్ మీద తేదీ ఎంత బాగున్నా నమ్మకం లేదు. గోరువెచ్చని పాలు అర గ్లాసు, అర చెంచా చక్కెర, చెంచా ఈస్టు. పది నిమిషాల్లో పైన నురగ గొడుగులా లేవాలి. నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే ఆ ప్యాకెట్ చెత్తబుట్టకే. తెరిచిన ప్యాకెట్ గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే నెలల తరబడి పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు కిటుకు. పిండి కలిపి పక్కన పెట్టేటప్పుడు పిండి ముద్ద లోపలి వేడి 26, 27 డిగ్రీలు ఉండాలి. దీనికో మోటు లెక్క ఉంది. కావలసిన వేడిని మూడుతో గుణించండి. 27 మూళ్లు 81. అందులోంచి గది వేడి, మైదా వేడి తీసేస్తే మిగిలేది పాల వేడి. మే నెలలో గది 36, మైదా 36. మిగిలింది 9. పిసికేటప్పుడు రాపిడికి ఇంకో మూడు డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి పాలు 6 డిగ్రీలుండాలి. అంటే ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన పాలు. డిసెంబరులో గది 22, మైదా 22 అయితే అదే లెక్కకు పాలు 34 డిగ్రీలు, గోరువెచ్చన. "గోరువెచ్చని పాలు పోయండి" అనే మాట మన దగ్గర ఏడాదిలో రెండు మూడు నెలలకే వర్తిస్తుంది. చల్లటి పాలు వాడే రోజుల్లో ఈస్టును పాలలో వేయకుండా మైదాలో కలపండి. ఎండు ఈస్టు మీద నేరుగా చల్లని ద్రవం పడితే దానిలో చాలా భాగం పనికిరాకుండా పోతుంది.

వెన్న చివర్లో కలపాలి. మొదట మిగిలినవన్నీ కలిపి ఐదు నిమిషాలు పిసికి, పిండి ఒక దరికి వచ్చాక వెన్నను ముక్కలుగా వేస్తూ పిసకాలి. ముందే వేస్తే వెన్న మైదాకు పట్టేసి జిగురు సాగనివ్వదు. చేత్తో అయితే మొత్తం పదిహేను నిమిషాలు. మధ్యలో పిండి చేతికంతా అంటుకుని విసుగు పుట్టిస్తుంది, అప్పుడు మైదా చల్లాలనిపిస్తుంది. చల్లారో, గట్టి బన్ను చేతికొస్తుంది. ఇంకో మూడు నిమిషాలు ఓపిక పడితే అదే చేతిని వదులుతుంది. ఓళిగలకు పైపిండి కలిపిన చేతులకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక ముద్ద తీసి రెండు చేతుల వేళ్లతో నాలుగు వైపులా లాగితే చిరగకుండా పలచని పొరలా సాగాలి, కిటికీ వైపు పెట్టి చూస్తే అవతలి వెలుతురు కనిపించాలి. ఓళిగ పిండి సాగినంతగా సాగకపోయినా, ఆ దారిలోనే ఉండాలి.

పొంగడానికి నూనె రాసిన గిన్నెలో వేసి, పిండి ఎక్కడిదాకా ఉందో గిన్నె బయట రబ్బరు బ్యాండు వేసి గుర్తు పెట్టుకోండి. రెండింతలు అయ్యాక మైదా అద్దిన వేలితో అంగుళం లోతు గుచ్చితే గుంట నెమ్మదిగా సగమే పూడాలి. టక్కున పూడితే ఇంకా సమయం ఉంది. అసలు పూడకుండా చుట్టూ పిండి కుంగితే ఆలస్యమైంది. మే నెలలో ఇది 35–40 నిమిషాలు, జులై ఆగస్టుల్లో గంట, సంక్రాంతి ముందు రోజుల్లో గంటంబావు నుంచి గంటన్నర.

ఇన్ని లెక్కలు ఎవరు చూస్తారులే అనుకునేవాళ్లకు ఫ్రిజ్ దారి ఉంది. అన్నిట్లోకీ ఇదే మేలు. రాత్రి తొమ్మిదింటికి పిండి కలిపి, పావుగంట బయట ఉంచి, మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. పొద్దున్నే ఎండ ఎక్కక ముందు తీస్తే పిండి గట్టిగా, చల్లగా ఉంటుంది. వత్తేటప్పుడు అంటుకోదు, కోస్తే అంచు నున్నగా వస్తుంది, రాత్రంతా నెమ్మదిగా పొంగినందుకు రుచి కూడా పెరుగుతుంది.

వత్తేటప్పుడు మందం చిటికెన వేలంత, అంటే 12 మిల్లీమీటర్లు. చపాతి కర్రతో వత్తి ఐదు నిమిషాలు అలా వదిలేయాలి. వెంటనే కోస్తే ముడుచుకుని గుండ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. కట్టర్ కొనక్కర్లేదు. అంచు 8 సెంటీమీటర్లుండే స్టీలు గ్లాసు, నడుమ చిల్లుకు నీళ్ల సీసా మూత సరిపోతాయి. నేరుగా నొక్కి నేరుగా తీయండి. మూత తిప్పినట్టు తిప్పితే అంచులు అతుక్కుపోయి ఒక పక్కకు పొంగుతాయి. మిగిలిన ముక్కలు ఒక్కసారి మాత్రం కలిపి వత్తుకోవచ్చు, రెండోసారికి రబ్బరే. చిల్లుల్లోంచి వచ్చిన ముద్దల్ని పారేయొద్దు, పిల్లలు రింగుల కంటే వాటికే ఎగబడతారు.

చిల్లు ఎందుకో అలసంద వడలు తట్టే ఊళ్లో చెప్పక్కర్లేదు. చిల్లు లేకపోతే అంచు ఎర్రబడేసరికి నడుమ పచ్చిగా ఉంటుంది. అమెరికాలో దీని ఘనత హాన్సన్ గ్రెగరీ అనే నావికుడికి ఇస్తారు, 1847లో ఓడ మీద మిరియాల డబ్బా మూతతో నడుమ పొడిచానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. వడ నడుమ వేలు పెట్టిన మన పెద్దవాళ్ల పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

రెండోసారి పొంగించడంలో మన సీమకు ఇంకో చిక్కుంది, గాలిలో తడి ఉండదు. కోసిన రింగుల మీద పావుగంటలో పొర కట్టేస్తుంది. ఆ పొర కట్టిన రింగు నూనెలో పొంగలేదు, పక్కన పగిలి అక్కడినుంచి పొట్ట బయటికి తోసుకొస్తుంది. ఫ్యాను వేశారా, ఐదు నిమిషాలు చాలు. ఫ్యాను ఆపి, రింగుల పళ్లేన్ని ఆపేసి ఉన్న ఒవెన్‌లో గానీ పెద్ద స్టీలు డబ్బాలో గానీ పెట్టి పక్కన ఒక గ్లాసు నీళ్లుంచండి. తడి గుడ్డ నేరుగా కప్పితే అంటుకుని, తీసేటప్పుడు పిండిని లాగేస్తుంది.

ఒక్కో రింగు కింద నూనె రాసిన బటర్ పేపర్ ముక్క ఉండాలి. అది లేకుంటే నూనె రాసిన అరటాకు ముక్క. పొంగిన రింగును వేళ్లతో ఎత్తితే అందులోని గాలి సగం పోతుంది. ఆకుతో సహా ఎత్తి బాండ్లిలోకి జార్చి ఆకు తీసేయొచ్చు. పాత దినపత్రిక ముక్కలు మాత్రం వాడొద్దు, సిరా దిగుతుంది.

వేసవిలో ఈ రెండో పొంగు 15–20 నిమిషాలే. చలికాలం 35–40. ఇక్కడ కొత్తవాళ్లు లెక్క తప్పేది వాయిల దగ్గర. వాయికి మూడు చొప్పున 18 రింగులంటే ఆరు వాయిలు, వాయికి మూడు నిమిషాలు, మొత్తం 18 నిమిషాలు. మొదటి వాయికి సరిగ్గా పొంగిన పిండి ఆరో వాయికి ముసలిదైపోతుంది. అందుకే కోసిన వెంటనే సగం రింగుల్ని మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేసి, మొదటి సగం వేపడం మొదలుపెట్టే ముందు బయటికి తీయండి.

నూనె సంగతి. చెనిక్కాయలు పండే చోట వేరే నూనె గురించి మాట్లాడితే బాగుండదు గానీ, ఒక తేడా చెప్పాలి. గానుగలో ఆడించిన నూనె మిరపకాయ బజ్జీకి అమృతం. వెనిల్లా వాసన ఉన్న డోనట్‌కు మాత్రం అది మీదపడి కూర్చుంటుంది. రిఫైండ్ చెనిక్కాయ నూనె అయితే వాసన లేకుండా పనిచేస్తుంది. గానుగ నూనెలోనే వేయాలనుకుంటే పైన బెల్లం పూత వేయండి, ఆ రెండూ కలిసిపోతాయి.

మందపాటి ఇనుప బాండ్లిలో లీటరున్నర నూనె, కనీసం ఆరు సెంటీమీటర్ల లోతు. వేడి 175 నుంచి 180 డిగ్రీలు. థర్మామీటర్ లేకపోతే గోలీ అంత పిండి వేసి చూడండి. మునిగి రెండు క్షణాల్లో పైకి తేలి, నిమిషానికి తేనె రంగు రావాలి. వేయగానే ఎర్రబడితే నూనె 200 దాటింది. అడుగున కూర్చుని ఆలోచిస్తుంటే 160 కూడా రాలేదు. మూడు రింగులు పడగానే నూనె పది, పదిహేను డిగ్రీలు చల్లబడుతుంది కాబట్టి ఆ క్షణంలో మంట కొంచెం పెంచి, రెండో వైపు తిప్పాక తగ్గించాలి. వేసేటప్పుడు పైవైపు కిందికి వచ్చేలా వేయండి. ఒక్కో వైపు 55–60 సెకన్లు, తిప్పడం ఒక్కసారే. పదే పదే తిప్పితే రెండు వైపులా నూనె పడుతుంది. తిప్పడానికి గంటె కంటే సన్నని చెక్క పుల్లలు రెండు నయం, చిల్లులో పెట్టి దొర్లించవచ్చు. తీసినవాటిని పేపర్ మీద కాకుండా తీగల జాలీ మీద పెట్టండి, పేపర్ మీద అడుగు చెమర్చి మెత్తబడుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో తినక ముందే డోనట్ చెబుతుంది. నడుము చుట్టూ తెల్లని పట్టీ ఉండాలి, వేలెడు మందం కాకపోయినా పెన్సిలంత. బాగా పొంగిన రింగు తేలికై నూనె మీద సగం పైకి తేలుతుంది, రెండు వైపులా తిప్పినా నడుము నూనె తాకదు. అదే ఆ పట్టీ. పట్టీ లేకపోతే రెండో పొంగు చాల్లేదన్నమాట, బరువుకు మునిగిపోయింది. ఇక మధ్యకు విరవండి. విరిచేటప్పుడు పిండి పోగులు పోగులుగా సాగుతూ విడిపోవాలి, రొట్టెలా పొడిపొడిగా తెగకూడదు. లోపలి చిల్లులు ఆవగింజ నుంచి కందిగింజ దాకా ఉండొచ్చు. అంచు వెంబడి చూడండి, పై పెచ్చు కింద నూనె చారిక గోరు మందం మించకూడదు. అది లోపలిదాకా పాకి పసుపుగా, తడిగా మెరుస్తుంటే నూనె చల్లగా ఉంది లేదా పిండి పొంగు మించింది. ఈ రెండిట్లో ఏదో తేల్చుకోవడం సులువే. పైన ముడతలు పడి, వాలిపోయిన బుడగలా ఉంటే పొంగు మించినట్టు. పైన నున్నగా ఉండి రంగు తక్కువగా ఉంటే నూనె చల్లగా ఉన్నట్టు. నడుమ జిగటగా ఒక గీతలా పచ్చి కనిపిస్తే మంట ఎక్కువ. పైన పొక్కులు లేస్తే వత్తేటప్పుడు పెద్ద గాలి బుడగలు తీయలేదు, లేదా రింగు మీద తడి ఉంది. చిల్లు పూడుకుపోతే తప్పు నూనెది కాదు, సీసా మూతది. కొంచెం పెద్దది వెతుక్కోండి.

పూతకు వస్తే, మామూలు తెల్ల గ్లేజ్‌కు ఐసింగ్ షుగర్ 200 గ్రాములు, వేడి పాలు 45 మిల్లీలీటర్లు, ఉప్పు రవ్వంత. డోనట్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ముంచి తీగల జాలీ మీద పెడితే పలచని అద్దంలా ఆరుతుంది. మరీ వేడిగా ముంచితే కారిపోతుంది, చల్లారాక ముంచితే మందంగా తెల్లగా పేరుకుంటుంది. మిక్సీలో చక్కెర ఆడించి చేసుకోవచ్చు గానీ పలచని గుడ్డలో జల్లించకపోతే నాలుకకు ఇసుకలా తగులుతుంది. గ్లేజ్ చెమర్చకుండా ఉండాలంటే చైనా గ్రాస్ (సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్) ఒక గ్రాము 50 మిల్లీలీటర్ల నీళ్లలో మరిగించి, పాలకు బదులు ఆ వేడి నీళ్లతో 250 గ్రాముల ఐసింగ్ షుగర్ కలపండి.

ఏప్రిల్, మేలలో చాక్లెట్ పూత జోలికి పోకండి. అసలు చాక్లెట్ 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మన గది దానికంటే వేడి. ముంచిన చాక్లెట్ సాయంత్రందాకా ఆరదు, పెట్టెకంతా అంటుతుంది. ఆ రెండు నెలలు చక్కెర, ఏలకుల పొడి దొర్లించిన డోనట్లే సుఖం. లేదా బెల్లం: 150 గ్రాముల బెల్లం, రెండు చెంచాల నీళ్లు, 20 గ్రాముల వెన్న వేసి తీగపాకం వచ్చేదాకా ఉంచి, ముంచి, వెంటనే పైన వేయించి పలుకులు చేసిన చెనిక్కాయలు చల్లడం. కర్నూలు వాళ్లు వాటినే బుడ్డలంటారు, పేరేదైనా పొట్టు మాత్రం తీయండి. పాకం చల్లారితే గింజలు అంటవు, కాబట్టి మూడు డోనట్లు ముంచగానే చల్లేయాలి.

లోపల పెట్టే రకం కావాలంటే చిల్లు లేకుండా 6.5 సెంటీమీటర్ల బిళ్లలు కోసి, 170 డిగ్రీల్లో ఒక్కో వైపు నిమిషన్నర వేపాలి. బనగానపల్లె మామిడి వచ్చే రోజుల్లో దాని గుజ్జు 250 గ్రాములు, చక్కెర 30 గ్రాములు, రెండు చెంచాల నీళ్లలో కలిపిన కార్న్‌ఫ్లోర్ 15 గ్రాములు, చెంచా నిమ్మరసం వేసి బుడగలొచ్చి చిక్కబడేదాకా ఉడికించండి. పచ్చి గుజ్జు అలాగే నింపితే నీరొదిలి పావుగంటలో పిండి నానిపోతుంది. బిళ్ల పూర్తిగా చల్లారాక తెల్ల పట్టీ దగ్గర పుల్లతో గుచ్చి లోపల తిప్పి చోటు చేసి, 25 గ్రాములు నింపితే చాలు. పాలు గుడ్లతో చేసిన క్రీమ్ నింపితే మాత్రం ఎండాకాలం గంటకు మించి బయట ఉంచొద్దు.

ఈస్టు గొడవ వద్దు, గంటలో అయిపోవాలంటే కేక్ డోనట్. మైదా 250, చక్కెర 90, బేకింగ్ పౌడర్ 6 గ్రాములు, పావు చెంచా వంటసోడా, గట్టి పెరుగు 120, ఒక గుడ్డు, కరిగించిన వెన్న 30 గ్రాములు. పిసకకుండా కలిపి ఫ్రిజ్‌లో అరగంట పెట్టి, కోసి, 185 డిగ్రీల్లో వేపాలి. సోడా చేయి జారితే రంగు ఎర్రమట్టిలా తిరిగి సబ్బు రుచి వస్తుంది. మన ఇళ్లలో బెల్లం, గోధుమపిండితో వేసే గుల్‌గులేలకు ఇది దగ్గరి చుట్టం.

ఇక కొనేవి. మన ఊళ్ల బేకరీల అద్దాల వెనక దిల్‌పసంద్, హనీ కేక్ పక్కన కనిపించే డోనట్ చాలా చోట్ల బన్ను పిండితోనే చేస్తారు. వెన్న, గుడ్డు తక్కువ, అందుకే రొట్టెలా ఉంటుంది. అది తప్పేమీ కాదు, పొద్దున టీతో బాగానే ఉంటుంది, డోనట్ అని ఆశపడి కొంటేనే నిరాశ. కొనే ముందు ఎప్పుడు వేపారో అడగండి. సైజుకు తగ్గ బరువు కంటే తేలికగా ఉందా, వేలితో నొక్కితే తిరిగి లేస్తోందా, ముక్కు దగ్గర పెడితే పాత నూనె కమురు ఉందా, ఈ మూడు చాలు. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు, అంటే పదే పదే కాగి నూనె విరిగినప్పుడు పేరుకునేవి, 25 శాతం దాటితే ఆ నూనె పారేయాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం. దాన్ని కొలిచే మీటరు మన దగ్గర ఉండదు, ముక్కు ఉంటుంది. చాక్లెట్ మీద తెల్లటి పొడలాంటిది కనిపిస్తే బూజని భయపడొద్దు. కరిగి మళ్లీ గట్టిపడ్డ కొవ్వు అది, చూపుకే లోపం.

పెద్ద కంపెనీల డోనట్ రెండో రోజుకీ పొడిగా, నీటుగా ఉండటం, ఇంట్లోది సాయంత్రానికే జిడ్డుకారడం చాలామందికి అర్థం కాదు. గుట్టు కొవ్వులో ఉంది. ఫ్యాక్టరీల్లో సాధారణంగా పామాయిల్ రకాలు, గది వేడికి గడ్డకట్టే కొవ్వులు వాడతారు. డోనట్ చల్లారాక ఆ కొవ్వు లోపలే గట్టిపడి చక్కెర పూతను తడవనివ్వదు. మన చెనిక్కాయ నూనె ఎప్పటికీ నూనెగానే ఉంటుంది, మెల్లగా పైకి ఊరి పూతను కరిగిస్తుంది. కాబట్టి ఇంటి డోనట్‌ను మూడు గంటల్లో తినేయాలి, దాచుకునే వస్తువు కాదది. ఆ గట్టి కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ (గుండెకు చెడు చేసే కొవ్వు) సంగతి అడిగేవాళ్లకు: 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో దాని హద్దు 2 శాతం. ప్యాకెట్ మీద ఆ వరుస చదివి కొనండి.

బెంగళూరు నుంచి అనంతపురానికైనా, హైదరాబాదు నుంచి కర్నూలుకైనా 44వ జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. అక్కడినుంచి డబ్బా తెచ్చేవాళ్లు ఉత్త గ్లేజ్, చక్కెర, జామ్ రకాలు తీసుకోండి. క్రీమ్ నింపినవి వద్దు, చాక్లెట్ పూతవి నవంబరు, ఫిబ్రవరి మధ్యలో మాత్రమే. డబ్బా ఒళ్లో ఉండాలి, బస్సు డిక్కీలో కాదు. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లోకి తోసేయడం అందరూ చేసే పొరపాటు. రొట్టె జాతి ఏదైనా గది వేడి కంటే ఫ్రిజ్ చల్లదనంలోనే తొందరగా గట్టిపడుతుంది, పైగా బయటికి తీయగానే పూత చెమర్చుతుంది. ఆ రోజుకు బయటే, మూత పెట్టి. మిగిలినవి ఫ్రీజర్‌లో, విడివిడిగా చుట్టి. తినే ముందు అరగంట బయట ఉంచి, మైక్రోవేవ్‌లో 8–10 సెకన్లు. పదిహేను దాటితే ముందు మెత్తబడి, చల్లారాక తోలులా సాగుతుంది.

ఎండిపోయినవి ఉంటే డబుల్ కా మీఠా చేసేయండి. రింగుల్ని అడ్డంగా రెండు బిళ్లలుగా కోసి పెనం మీద నెయ్యి లేకుండానే కాల్చండి, నూనె వాటిలోనే ఉంది. అర లీటరు పాలు మూడోవంతు తగ్గేదాకా కాచి, రెండు చెంచాల చక్కెర చాలు, పూత తీపి ఉంటుంది కదా. ఏలకులు, నాలుగు జీడిపప్పులు వేసి బిళ్లల మీద పోసి పది నిమిషాలు ఆగాలి. బన్ను పిండితో చేసిన బేకరీ డోనట్లే దీనికి బాగా నిలుస్తాయి, ఇంట్లో చేసిన మెత్తటివి పాలలో చిదికిపోతాయి.